ఎర్రదీపం ఆరాక పలికిన మైకు

"ఐదింటికి వ్యాను వస్తుంది అత్తయ్యా. ఈలోగా మీరేం అడగాలో అడగండి," అన్నాడు మా అల్లుడు.

గోడ గడియారంలో నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

మా అల్లుడు ఇన్‌స్పెక్టరు. ఇంట్లో ఉంటే నా కళ్ళజోడు తుడిచి చేతికిచ్చే మనిషే. ఒంటి మీద యూనిఫాం పడిందంటే మాత్రం నన్ను చూడగానే ఆయనకు పంటినొప్పి మొదలవుతుంది. మావారు పోయాక ఆయన డిటెక్టివ్ ఆఫీసుకు తాళం పడనివ్వకుండా నేనే ఆ కుర్చీలో కూర్చుని పందొమ్మిదేళ్ళయింది. ఈ పందొమ్మిదేళ్ళలో అల్లుడు పట్టుకున్నవాళ్ళను నేను విడిపించింది ఏడుసార్లు. ఆయన లెక్కలో ఆరేనట.

ఈసారి ఆయన పట్టుకున్నది ఒక రికార్డిస్టును. అరవై దాటిన మనిషి. చేతులకు బేడీలతో, తను ముప్ఫయ్యేళ్ళుగా కూర్చుంటున్న కుర్చీలోనే, ఎవరో తెచ్చి అక్కడ పెట్టిన సామానులా కూర్చున్నాడు. ఆయన కూతురు గంట క్రితం నా ఆఫీసుకు ఒక కాలికి ఒక చెప్పు, రెండో కాలికి ఇంకో చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చింది. "మా నాన్న నోరు విప్పడం లేదు పెద్దమ్మా. ఆయనకు గుండెజబ్బు. ఒకసారి లోపల వేశారంటే మళ్ళీ ఇంటికి రాడు," అంది. ఆ పిల్లకు ఏం చెప్పి పంపానో గుర్తుంది కాబట్టే మోకాళ్ళ నొప్పితో మూడు అంతస్తులు ఎక్కాను.

జరిగింది ఇది. ఆ స్టూడియోలో రెండు గదులు ఆనుకుని ఉన్నాయి. ఒకటి కంట్రోల్ రూము. బల్ల నిండా మీటలు, టేపు యంత్రం, రికార్డిస్టు కుర్చీ అక్కడ. రెండోది పాడే గది. నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది. కిటికీ లేదు. గోడలకు, కప్పుకు, తలుపుకు జానెడు మందాన స్పాంజి. తలుపు వేశారంటే లోపలి మనిషి గొంతు చించుకున్నా బయటికి రాదు. గాలి ఒక గొట్టంలోంచి వస్తుంది. ఆ గొట్టం ఫ్యానుకు మీట కంట్రోల్ రూములో. రెండు గదుల మధ్య అద్దం ఉంది గాని, దాన్ని పూర్తిగా కప్పేస్తూ నల్లటి తెర. లోపలివాళ్ళ మాట బయటికి రావాలంటే మైకు. బయటివాళ్ళ మాట లోపలికి పోవాలంటే హెడ్‌ఫోను. వేరే దారి లేదు.

ఆ గదిలో ఇవాళ మధ్యాహ్నం రెండూ ఐదుకు ఒకావిడ స్పృహ లేకుండా దొరికింది. ఉబ్బసం మనిషి. ఫ్యాను ఆపేసి ఉంది. తలుపుకు లోపలివైపు పిడి లేదు; ఎవరో ముందుగానే మరలు విప్పి తీసేశారు. ఆ పిడి, స్క్రూడ్రైవరు రెండూ రికార్డిస్టు సొరుగులోనే దొరికాయి.

ఆవిడ ఎవరంటే, ఆ గొప్ప గాయని లేదూ, అందరూ పెద్దావిడ అంటారు, ఆవిడ సొంత చెల్లెలు. అందుకని ఈవిడ చిన్నావిడ. అక్క రాకముందే వచ్చి పాట వరసలు సరిచూసి పోతుందని స్టూడియోలో చెప్పుకుంటారు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. ఊపిరి ఉంది, మెలకువ లేదు. మెలకువ వస్తే ఒక్క మాటతో కేసు తేలిపోతుంది. రాకపోతే ఈ ముసలాయన బతుకు తెల్లారినట్టే.

"ఆస్పత్రి దగ్గర ఎవరినైనా కాపలా పెట్టారా అల్లుడుగారూ?"

"చేసినవాడు నా ఎదురుగా కూర్చుని ఉంటే అక్కడ కాపలా దేనికత్తయ్యా? దోమల్ని తోలడానికా?"

నేను రికార్డిస్టు పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నాయనా, గడియారం చూసినట్టు చెప్పు. ఎన్నింటికి ఏమైంది?"

"ఒంటిగంట ఐదుకి నేను లేచానమ్మా. ఆవిడ లోపలే ఉంది. కాసేపు ఒక్కదాన్నే గొంతు సవరించుకుంటానంది. టేపు తిరుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, ఎర్రదీపం వెలుగుతోంది."

"ఏ ఎర్రదీపం?"

గడ్డంతో బల్ల మీది ఒక మీటను చూపించాడు. "ఆవిడ మైకు కండెన్సర్ రకం. మామూలు మైకులా ఉత్త తీగ తగిలిస్తే పలకదు. దానికి కరెంటు కావాలి. ఆ కరెంటు ఈ బల్లలోంచి అదే తీగలో వెళుతుంది. ఈ మీట నొక్కితే దీపం వెలుగుతుంది. ఆర్పితే మైకు చచ్చిపోయినట్టే. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, ఈ లైనులో అందరికీ తెలిసిందే."

"రెండూ ఐదుకి నువ్వొచ్చేసరికి?"

"దీపం ఆరిపోయి ఉంది. టేపు ఆగి ఉంది. ఫ్యాను ఆగి ఉంది. తలుపు లాగాను..."

"స్పీకర్లు?"

"అవి నేనే తగ్గించి వెళ్ళాను. ఆవిడ ఒంటరిగా పాడుకుంటున్నప్పుడు బయటికి వినిపించకూడదు. అది మా పద్ధతి."

మా అల్లుడు అందుకున్నాడు. "మరి క్యాంటీనువాడేమన్నాడో అది కూడా చెప్పవయ్యా. ఒంటిగంట ఇరవై అయిదుకే నువ్వు క్యాంటీన్లోంచి లేచి వెళ్ళిపోయావన్నాడు. అక్కడినుంచి రెండూ ఐదు దాకా నలభై నిమిషాలు. ఎక్కడున్నావు?"

రికార్డిస్టు తన చేతుల వంక చూసుకున్నాడు. నేనూ చూశాను. బొటనవేలికి నీలం సిరా. చూపుడువేలి మీద ఎండిన జిగురు పొట్టులా లేస్తోంది.

"చూశారుగా, పట్టుకున్నప్పటి నుంచీ ఇదే వరస. ఇంత చిన్న ప్రశ్నకు జవాబు చెప్పనివాడు తప్పు చేసినవాడు కాకపోతే ఇంకెవరు?"

"మా అమ్మాయి అడిగినప్పుడు మీరు కూడా చాలా ప్రశ్నలకు జవాబు చెప్పరు బాబూ. మిమ్మల్నేమైనా జైల్లో పెట్టించిందా?"

తలుపు దగ్గరున్న కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

వరండాలో పెద్దావిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న పలక, సుద్దముక్క. ఆవిడ సంగతి అందరికీ తెలిసిందే. గొంతు పాటకే తప్ప మాటకు ఖర్చు పెట్టనని ఏళ్ళ తరబడి ఎవరితోనూ మాట్లాడదు. సభల్లో నవ్వి చెయ్యి ఊపుతుంది, పాడుతుంది, కారెక్కుతుంది. పత్రికలవాళ్ళకు కూడా పలక మీదే జవాబు. దాన్ని గొప్ప నియమమని జనం మెచ్చుకుంటారు.

"మీకెప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగాను.

'రెండున్నర. ఫోన్ చేశారు. ఇంట్లో ఉన్నాను,' అని రాసింది. తుడిచి మళ్ళీ రాసింది. 'చెల్లి మైకు పాడయిందా?'

"ఇంకా చూడలేదు," అన్నాను. తల ఊపింది. ఆస్పత్రి సంగతి అడుగుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. అడగలేదు.

నాలుగూ పదికి పాడే గదిలో అడుగు పెట్టాను. ఆ తలుపు తనంతట తనే మూసుకునే రకం. అందుకని అడ్డంగా స్టూలు పెట్టాను. పెట్టినా సరే, లోపలికి వెళ్ళగానే చెవులు దిబ్బడ వేసినట్టయింది. నా గాజుల చప్పుడు, నా ఊపిరి తప్ప ఇంకేమీ లేవు. పది నిమిషాలు ఉంటేనే నాకు గుండె దడ పుట్టింది. ఉబ్బసం ఉన్న మనిషి, ఫ్యాను లేకుండా, ముప్పావుగంట!

ముందు తలుపు చూశాను. స్పాంజి మీద గోటి గీత లేదు, గుద్దిన గుంట లేదు. చిన్నావిడ చేతులకు గాయాలున్నాయా అని అల్లుడి దగ్గరున్న ఆస్పత్రి కాగితంలో వెతికాను. లేవు. ఊపిరాడని మనిషి తలుపు బాదలేదు!

"ముందే స్పృహ తప్పి ఉంటుంది," అన్నాడు అల్లుడు గుమ్మంలోంచి.

"స్పృహ తప్పిన మనిషి ఇలా కూర్చుంటుందా? మీవాళ్ళు సుద్దతో గీసిన గీత చూడండి. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో మైకు పెట్టుకుని పడి ఉంది."

మైకు కింద, దొరికినచోటే ఉంది. రుమాలుతో పట్టుకుని తీశాను. ఎప్పటి సరుకో. చేతిలో పట్టుకుని పాడే రకం, మూరెడు కన్నా పొట్టి. పిడి మీద వెండి పూత వేళ్ళు పడేచోట అరిగి ఇత్తడి రంగు తేలింది. జల్లెడ తలకు ఒకవైపు చిన్న సొట్ట. కండెన్సరంటే చెవి చాలా చురుకట. గదిలో చీర మడత కదిలినా పట్టేస్తుందని రికార్డిస్టు చెప్పాడు. మూతబడిన ఒక రేడియో స్టేషను పాత సామాను అమ్మితే చిన్నావిడ కొనుక్కుందట, ఈయనే బాగుచేసి ఇచ్చాడట. అది తప్ప ఇంకో మైకు ముట్టుకోదట, దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వదట.

నా చేతికి అది బరువుగా తగిలింది. పిడి అడుగున ఒక మర ఉంది. చుట్టూ మురికి పట్టిన వస్తువుకు ఆ మర ఒక్కటే తళతళలాడుతోంది. రోజూ విప్పితే తప్ప అలా ఉండదు. విప్పాను. చేతిలోకి బ్యాటరీ జారింది.

"నాయనా, ఎర్రదీపం కరెంటుతో పలికే మైకులో బ్యాటరీ ఎందుకు?" అని కేకేశాను.

కంట్రోల్ రూములో కుర్చీ కిర్రుమంది. రికార్డిస్టు బేడీలతోనే గుమ్మం దాకా వచ్చాడు.

"ఉండకూడదమ్మా... ఆవిడ ఉండనివ్వదు. అది పాత రకం. బల్ల లేనిచోట పాడాలంటే లోపల బ్యాటరీ వేసుకుని పాడొచ్చు. కానీ బ్యాటరీ లోపల మర్చిపోతే నీరు కారి మైకుని తినేస్తుంది. దీనికి మళ్ళీ విడిభాగాలు దొరకవు. అందుకని స్టూడియోలో అసలు వెయ్యదు. రుమాల్లో ముడివేసి సంచిలో పెట్టుకుంటుంది. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

"అల్లుడుగారూ, మీ జాబితాలో రుమాలు ఉందా?"

కాగితం తిరగేశాడు. "చేతిరుమాలు ఒకటి. నేల మీద. ముడి విప్పినది." మింగుడుపడనట్టు చదివాడు.

"బ్యాటరీ వేస్తే, దీపం ఆర్పినా మైకు పలుకుతుందా నాయనా?"

"పలుకుతుందమ్మా. తీగ తగిలించే ఉంది కదా."

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. "అయితే వినండి. ఎవరో కంట్రోల్ రూములోకి వచ్చి ముందు టేపు ఆపారు. ఎర్రదీపం ఆర్పారు. మైకు చచ్చింది, ఇక లోపల మాట బయట ఎక్కడా పడదని ధీమా. ఫ్యాను ఆపారు. మధ్యలో తెర ఉంది, లోపల ఆవిడేం చేస్తోందో కనపడదు. ఆవిడ తలుపు బాదలేదు. బాది లాభం లేదని తెలుసు. సంచిలోంచి రుమాలు తీసి, ముడి విప్పి, బ్యాటరీ వేసి, గోడకు ఆనుకుని కూర్చుని మైకులో మాట్లాడింది. స్పీకర్లు తగ్గించి ఉన్నాయనీ ఆవిడకు తెలుసు. ఈయన లేడనీ తెలుసు. వినే మనిషి లేడని తెలిసి, ఉన్న కాస్త ఊపిరినీ మాటల మీద పెట్టిందంటే..." రికార్డిస్టు వైపు తిరిగాను. "వినేది ఇంకేదో ఉందన్నమాట. రెండో యంత్రం ఎక్కడుంది నాయనా?"

ముసలాయన ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుందామంటే బేడీలు అడ్డం. నేనే నా పైటచెంగుతో తుడిచాను.

"ఒట్టేశానమ్మా ఆవిడకి."

"ఆ ఒట్టు పెట్టించుకున్న మనిషే నిన్ను దాన్లోంచి విడిపించింది. లేకపోతే బ్యాటరీ ఎందుకు వేస్తుంది? చెప్పు."

అప్పుడు చెప్పాడు. పదకొండేళ్ళ క్రితం జబ్బు చేసి పెద్దావిడ గొంతు పోయింది. పూర్తిగా పోయింది. అప్పటినుంచి వచ్చిన పాటలన్నీ చిన్నావిడవే. ఆవిడ పాడుతున్నట్టు వాద్యాలవాళ్ళకు కూడా తెలియకూడదని అద్దానికి నల్లతెర. సభల్లో పెద్దావిడ పెదాలు కదిపితే వెనక టేపు మోగుతుంది. ఈ రికార్డిస్టుకు ఆ అన్యాయం చూడబుద్ధి కాక, సామాన్ల గదిలో రెండో యంత్రం పెట్టుకుని, మైకు తీగ దానికీ కలిపి, చిన్నావిడ పాడిన ప్రతి పాటా విడిగా పట్టి, పెట్టె మీద కాగితం అంటించి ఆవిడ పేరు రాసి దాస్తున్నాడు. మధ్యాహ్నం ఆ నలభై నిమిషాలూ సామాన్ల గదికి ముందున్న చిన్న గదిలో కూర్చుని చేసిందదే. సిరా, జిగురు.

"ఆవిడ పేరు ఉన్న పెట్టెలు ప్రపంచంలో అవే అమ్మా. ఈ శుక్రవారం సభలో సొంత పేరుతో పాడతానని నిర్ణయించుకుంది. నిన్ననే ఇంట్లో చెప్పానంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది."

"కథ బాగుంది," అన్నాడు అల్లుడు. కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు. బ్యాటరీని కవరులో వేసి జేబులో పెట్టుకున్నాడు. "టేపు విందాం పదండి."

నాలుగూ నలభైకి రికార్డిస్టు ఆ టేపును తెచ్చి కంట్రోల్ రూము యంత్రానికి ఎక్కించాడు. చిన్నావిడ గొంతు స్పీకరులో పక్కన కూర్చున్నట్టు పలికింది. ఊపిరి ఈల వేస్తోంది.

"తలుపు తియ్యి... శుక్రవారం నేను పాడతాను. నువ్వు తీసినా పాడతాను, తియ్యకపోయినా పాడతాను."

తరువాత నిశ్శబ్దం. దాని అడుగున దోమ పాటంత సన్నగా ఏదో. మళ్ళీ చిన్నావిడ గొంతు. మళ్ళీ ఆ దోమ.

"హెడ్‌ఫోనులో ఎవరో మాట్లాడుతున్నారు. ఈ బల్ల దగ్గర మీట నొక్కి మాట్లాడితే లోపల హెడ్‌ఫోనులో వినపడుతుంది. ఆవిడ దాన్ని మైకు దగ్గర పెట్టి ఉంటుంది," అన్నాడు రికార్డిస్టు. "ఈ గోలలో తెలియదమ్మా. చెవులకు తగిలించుకుని, చప్పుడు లేనిచోట వినాలి."

వరండాలో పత్రికలవాళ్ళు, కింద వీధిలో లారీలు. చప్పుడు లేని చోటు ఆ అంతస్తులో ఒక్కటే.

"ఎవరో ఏమిటి, ఇతనే. బల్ల దగ్గర కూర్చునేది ఇతనేగా?" అన్నాడు అల్లుడు. కింద వ్యాను హారను మోగింది. "ఐదయింది. పదవయ్యా."

"ఒక్క పది నిమిషాలు ఆగండి బాబూ."

"పైనుంచి రెండుసార్లు ఫోనొచ్చింది అత్తయ్యా. మీరు వింటూ ఉండండి. నేను ఇతన్ని స్టేషన్లో అప్పజెప్పి గంటలో వస్తాను. మగ గొంతు కాదని తేలితే నేనే బేడీలు విప్పుతాను, సరేనా?"

"అప్పుడు లెక్క ఎనిమిది అవుతుంది."

"ఏడు," అన్నాడు. కానిస్టేబుల్నీ, రికార్డిస్టునీ తీసుకుని దిగిపోయాడు, వాళ్ళ వెనకే పత్రికలవాళ్ళూ. వెళ్ళేముందు ముసలాయన టేపును వెనక్కి తిప్పి, లోపలి హెడ్‌ఫోనుకు కలిపి, గాలి ఫ్యాను వేసి, యంత్రం నడిపించి వెళ్ళాడు. అది ఆయన చెయ్యగలిగిన ఆఖరి పని. మెట్లు దిగుతూ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను.

తలుపుకు స్టూలు అడ్డం పెట్టాను. చిన్నావిడ కూర్చున్నచోటే గోడకు ఆనుకుని కూర్చుని హెడ్‌ఫోను తగిలించుకున్నాను. చెవులు రెండూ మూసుకుపోయాయి. ఇప్పుడు నాకు లోకంలో ఆ టేపు తప్ప ఇంకేమీ లేదు.

"...తియ్యకపోయినా పాడతాను."

దోమ ఇప్పుడు మాట అయింది. ఆడగొంతు. గొంతు అనడానికి కూడా లేదు, గరుకు కాగితం రాచినట్టు, తడి లేని గుసగుస. అలాంటి గొంతు నా డెబ్భై ఏళ్ళలో ఎక్కడా వినలేదు.

"పదకొండేళ్ళు నా నోట్లో పాడావు. ఇంకో పదకొండేళ్ళు పాడలేవా?"

"పాడలేను అక్కా."

ఆ జవాబు తెర అవతలి అక్కకు వినపడదు, టేపుకే వినపడుతుంది. నాకు ఆ పలక గుర్తొచ్చింది. రెండున్నర దాకా ఇంట్లో ఉన్నానని పలక మీద రాసిన చెయ్యి.

"నాకు వేరే ఏముందే? నువ్వు వెళ్ళిపోతే నేను ఎవర్ని?"

"ఏముందో తెలియదక్కా. నాకు మాత్రం ఈ గది తప్ప ఏమీ లేదు. తలుపు తియ్యి. ఊపిరాడటం లేదు."

చాలాసేపు ఆ ఊపిరి ఈల మాత్రం.

"పాడాలంటే లోపలే పాడుకో."

టక్కుమని మీట చప్పుడు. తరువాత చిన్నావిడ పాడింది. పాట మాటలు లేవు. ఒక్కో స్వరానికీ ఊపిరి వెతుక్కుంటూ, తెగినచోట ఆగి, మళ్ళీ తెగినచోటు నుంచే ఎత్తుకుంటూ పాడింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. స్వరం సన్నబడింది. మైకు ఒళ్ళోకి జారిన చప్పుడు. టేపు అయిపోయింది.

లేవబోయాను. అల్లుడికి ఫోన్ చెయ్యాలి. ఎనిమిది!

"విన్నావా పెద్దమ్మా?"

టేపు ఇంకా ఉందనుకున్నాను. ఒక్క క్షణమే అనుకున్నాను. టేపులో నన్ను పిలిచేవాళ్ళెవరూ లేరు.

తలెత్తి చూశాను. స్టూలు లేదు. తలుపు మూసి ఉంది. పిడి ఉండాల్సినచోట నాలుగు మర బెజ్జాలు. నల్లతెర కదలలేదు. నా తల మీద ఇంతసేపూ చల్లగా గాలి వదులుతున్న గొట్టం ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయింది.

"తెలివైనదానివే," అంది ఆ గరుకు గొంతు, తొందర లేకుండా, దగ్గరివాళ్ళతో మాట్లాడుతున్నట్టు. "టేపు నా సంచిలో ఉంది. ఇప్పుడే ఇక్కడి ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి. చెల్లికి మెలకువ వస్తోందట, కళ్ళు తెరుస్తోందట, ఇంటివాళ్ళెవరైనా వచ్చి పక్కన కూర్చోమన్నారు."

నేను తలుపు మీద పడి రెండు చేతులా బాదాను. స్పాంజి నా చేతుల్ని మెత్తగా మింగేసింది.

"నేను వెళుతున్నాను," అంది. "అక్కను కదా. నన్ను ఎవరూ ఆపరు."